నాయనమ్మ కలిపిన వరస

ఆ రోజుల్లో ఏ పిల్లాడికి ఏ మేష్టారన్నది పెళ్లి సంబంధం లాంటిది. మన ఇష్టం ఎవరూ అడిగేవారు కాదు. (ఇప్పుడు పెళ్లికైనా అడుగుతున్నారట.) నేను నాలుగో తరగతికి వచ్చిన ఏడు, మా పొందూరు బడిలో పిల్లలు ఎక్కువయ్యారని ఆ తరగతిని రెండు ముక్కలు చేశారు. ఒక ముక్క కథల మేష్టారికి. ఆయన కూడికలతో మొదలుపెట్టి రాజకుమారి దగ్గర తేలేవారు. రెండో ముక్క కొత్తగా వచ్చిన ఉరుముల మేష్టారికి. ఆయన హాజరు పిలిస్తే వీధిలో ఎడ్లబళ్లు ఆగిపోయేవని ప్రతీతి. హెడ్మాష్టరు గారు నా ప్రాణస్నేహితుణ్ణి కథల వైపు పంపి, నన్ను ఉరుముల కిందకి తోశారు.

ఏడిస్తే అమ్మ వినదు, నాన్న వింటే ఇంకో రెండు అంటిస్తాడు. మిగిలింది నాయనమ్మ. ఆవిడ అరుగు మీద ఖద్దరు నూలు కోసం వాలుగ చేప దవడ ముల్లుతో పత్తి దువ్వుకుంటూంటే పక్కన చేరి, కొత్త మేష్టారు పిల్లల చేత గోడకుర్చీ వేయించి తొడల మీద పలకలు పేరుస్తాడని చెప్పాను. (పాపం, ఆయన అప్పటికి నా పేరైనా అడగలేదు.) నాయనమ్మ ముల్లు పక్కన పెట్టి, కొంగు బిగించి బయల్దేరింది. వీడి సెక్షను మార్పించకపోతే తన పేరు మార్చుకుంటానంది. వెనకాల నేను, అప్పుడే గెలిచేసినట్టు.

ఉరుముల మేష్టారు బడి గుమ్మంలోనే ఎదురయ్యారు. మా వైపు దెబ్బలాటకి దిగే ముందు కూడా ఏ ఊరు, ఎవరి తాలూకా అని అడగడం ఆనవాయితీ. తిట్టాలన్నా మనిషెవరో తెలియాలి కదా. ఆయన ఆమదాలవలస పక్కన తన ఊరు చెప్పారు. ఆవిడ ఇంటిపేరు అడిగింది, ఆపైన తాత పేరు అడిగింది. అక్కడితో నా పని అయిపోయింది.

“ఓలమ్మో, మీ అయ్య నాకు తమ్ముడి వరస. నువ్వు నా మేనల్లుడివి గదా నాయినా,” అని కళ్లొత్తుకుని, నావైపు తిరిగింది. “ఒరే, ఈయన నీకు మావరా. ఇంకేటి బయం? నాయినా, ఈడి తోలొలిసినా అడిగీవోలు నేరు.”

ఆ సాయంత్రం మేష్టారి భోజనం మా ఇంట్లోనే. ఒంటరి మనిషి, ఇక రోజూ ఇక్కడే తినాలని నాయనమ్మ హుకుం. నేను మాత్రం ఓటమి ఒప్పుకోలేదు. మర్నాడు హాజరు పిలవగానే “ప్రెజెంట్ మావా” అన్నాను. సిగ్గుపడి నన్ను అవతలి సెక్షనుకి తోలేస్తారని నా ఎత్తు. క్లాసంతా గొల్లుమంది. ఆయన నవ్వలేదు.

“మంచిది అల్లుడూ. ఇలాగొచ్చి మావకి ఎదురుగా కూకో,” అన్నారు.

ఏడాదంతా అక్కడే కూర్చున్నాను. ఎక్కం తప్పితే ఉరుము బడిలో పడేది, పిడుగు మా ఇంట్లో భోజనాల దగ్గర పడేది. పెరుగన్నంలోకి వచ్చేసరికి నా తప్పులన్నీ నాయనమ్మకి అప్పజెప్పేసేవారు.

మరుసటేడు అయిదో తరగతిలో కోరుకున్నట్టే కథల మేష్టారు దొరికారు. మొదటి రోజే ఎక్కం తప్పు చెప్పాను. ఆయన చల్లగా నవ్వి పక్కవాణ్ణి అడిగారు, అంతే. గోడ అవతల మా మావ ఎవణ్ణో చెడామడా ఉరుముతున్నాడు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గాని, ఏ వరసా కానివాడు నా మావ చేత తిట్లు తినడమేమిటని ఆ రోజు నాకు ఏడుపొచ్చింది.