మూడు పెట్టెల ట్రక్కు

సైన్యం వర్క్‌షాపులో మెకానిక్‌గా చేసి రిటైరైన మా బాబాయి, అప్పట్లో తాను కూర్చిన ట్రక్కుకు చిన్న బొమ్మ చేయాలని మూడు కిట్ల పెట్టెలు కొన్నాడు. ఒకదాని చక్రాలు, ఒకదాని ఇంజను, ఇంకోదాని తలుపులు అతికించి, అంతటికీ పచ్చరంగు వేశాడు. అయినా ఏదో తప్పు జరిగిందంటూ వారంగా దాని చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

"ఒక్క పెట్టెతో సరిపెట్టుకోలేకపోయారా?" అని విసుక్కుంది పిన్ని.

"అసలు బండీ అంతేనే. మూడు పాడైన ట్రక్కుల్ని కలిపి చేశాం."

"మరి ఎడమ తలుపు మట్టిరంగులో ఉండేదన్నారుగా?"

బాబాయి చేతిలో కుంచె ఆగిపోయింది. ఆ తలుపు ఆయన ప్రాణస్నేహితుడి ట్రక్కుది. మనిషి తిరిగిరాలేదు, తలుపొచ్చింది. దానికి పచ్చరంగు పూయబోయిన వాళ్లందర్నీ ఆనాడు తిట్టి తరిమాడు.

"గరుకు కాగితం ఎక్కడ పెట్టావే?" అన్నాడు.