నల్లగోళ్లాయన, నాలుగు వందల కార్డులు

ఆయన గోళ్ల కింద అచ్చు సిరా నలుపు ముప్ఫై ఏళ్లుగా వదల్లేదు. కిరోసిన్ పెట్టి రుద్దినా, సబ్బు అరగదీసినా అంతే. వీధిలో అందరికీ ఆయన నల్లగోళ్లాయన. "మీ చెయ్యి చూస్తే చాలు, ఇంక పేపరు చదవక్కర్లేదు" అనేది భార్య.

ప్రెస్సు ఆయనదీ, బావమరిదిదీ. ముందు గదిలో ఏసీ పెట్టించుకుని డిజిటల్ మెషిన్ కొత్త అల్లుడిలా కూర్చుంది. వెనక గదిలో ఆఫ్‌సెట్ మెషిన్ మూడు నెలలుగా దుప్పటి కప్పుకుని ఉంది. నెలాఖరులోగా దానికి ఒక్క ఆర్డరన్నా రాకపోతే పాత ఇనుముకి ఇచ్చేద్దామని అనుకున్నారు. అనుకున్నది బావమరిది. ఈయన తలూపాడు. కాదనే ఓపిక కూడా లేని రోజది.

ఇరవై ఎనిమిదో తారీకున ఒక టీచరమ్మ వచ్చింది. నాలుగు వందల పోస్టుకార్డులు కావాలంది. ముందు ఒక బొమ్మ, వెనక రాసుకోడానికి ఖాళీ.

"డిజిటలా, ఆఫ్‌సెట్టా అని అడుగుతున్నారు అన్నిచోట్లా. నాకేం తెలుసండీ, మీరే చెప్పండి."

"ఒకటే బొమ్మయితే ఆఫ్‌సెట్టమ్మా. ఒకసారి ప్లేట్లు చేసుకుంటే ఎన్నయినా లాగొచ్చు. రంగు కాగితంలోకి ఇంకుతుంది." చాలా రోజుల తర్వాత తన గొంతు తనకే గట్టిగా వినిపించింది.

నాలుగు వందలకి ప్లేట్లంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. పక్కనే ఉన్న బావమరిదికీ ఆ సంగతి తెలుసు. అయినా ఆర్డరు పుస్తకం తెరిచాడు.

ఆవిడ సంచిలోంచి అట్టపెట్టె తీసింది. అందులో నలభై నీటిరంగుల బొమ్మలున్నాయి.

"మా అక్కవి. పోయి ఆర్నెల్లయింది. ఇందులోంచి ఒకటి తీయడం నా వల్ల కావట్లేదు. ఏది బాగా పడుతుందో మీరే తీసిపెట్టండి."

ఆయన చేతులు తుడుచుకుని ఒక్కొక్కటే చూశాడు. కిటికీలో కూజా. తడిసిన మెట్లు. కుర్చీ మీద మడత విప్పని శాలువా. తర్వాత, వాన ఆగిన వీధి. ఆ బూడిద రంగు తను చేత్తో కలిపితే అచ్చంగా దిగుతుంది. వేలు దాని మీదే ఆగింది. 'ఇది' అంటే చాలు, దుప్పటి తీసేయొచ్చు.

"ఎవరికమ్మా ఈ కార్డులు?"

"అక్క ఆఫీసువాళ్లకి, చుట్టాలకి. ఒక్కొక్కళ్లకి ఒక్కోటి ఇష్టం. మెట్లదంటే మా పిన్నికి ప్రాణం. కుర్చీది మా బావకి. ఏం చేస్తాం, అందరికీ ఒకటే పంపి సర్దిచెప్తా."

ఆయన వేలు తీసేశాడు.

"ఒకటెందుకు, నలభై వేయించండి. ఒక్కోటి పదేసి. డిజిటల్లో ప్లేట్ల గొడవ లేదు, ఏ బొమ్మకా బొమ్మ పడిపోతుంది. నున్నటి కార్డు వద్దు, గరుకుది తీసుకోండి. పెన్నుతో రాస్తే అలుక్కుపోదు."

"ఆఫ్‌సెట్ బాగుంటుందన్నారుగా?"

"ఒక బొమ్మకి బాగుంటుందమ్మా."

మర్నాడు మధ్యాహ్నానికల్లా కార్డులన్నీ వచ్చేశాయి. ఆయన వాటిని వెనక గది అరల్లో వరసగా పరిచాడు, రేపు రమ్మని టీచరమ్మకి కబురూ పెట్టాడు. బావమరిది గుమ్మంలో నిలబడి చూశాడు.

"బావా, ఏంటిది?"

"ఆరాలి కదా."

"ఇవి మెషిన్లోంచే ఆరి వస్తాయి. ఇంకా నయం, దండెం కట్టి క్లిప్పులు పెట్టలేదు."

ఆయన ఒక కార్డు మీద బొటనవేలు నొక్కి చూశాడు. వేలికి ఏమీ అంటలేదు. నవ్వాడు, కాస్త ఆలస్యంగా. మళ్లీ ఒక్కొక్కటే ఏరి కట్టలు కట్టాడు.

"నిన్న ఆ వాన బొమ్మ చూపించి ఉంటే సరిపోయేది," అన్నాడు బావమరిది. "నేను కాదనేవాణ్ణి కాదు."

"తెలుసు."

"మరి?"

"వాళ్ల పిన్నికి మెట్లు కావాలి కదరా."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఆ ఇనుమాయనకి ఫోన్ చెయ్యి. ఇప్పుడే, నేనిక్కడ ఉండగానే. ఇంటికెళ్తే మళ్లీ మనసు మారుతుంది."

బావమరిది ఫోన్ తీసి నంబరు వెతికాడు. అంతసేపు వెతకాల్సిన నంబరు కాదది.