కాలికి పట్టీ కట్టండి

ఆ రోజుల్లో మా వైపు కుర్రాళ్ళకి తెలుగు కాక ఇంకో భాష వచ్చంటే అది ఇంగ్లీషే. అదైనా ఎదుటివాడికి రానప్పుడే మాకు ధారాళంగా వచ్చేది. నా ఇంగ్లీషు మందుసీసాల మీది చీటీల దగ్గర మొదలై అక్కడే ఆగిపోయింది. 'తాగే ముందు సీసా బాగా కుదపవలెను' అనే ముక్కని ఇంగ్లీషులో ఎక్కడా తడబడకుండా చదివేవాణ్ణి. ఆ పాండిత్యంతోనే, అరవైలు మొదలైన కొత్తల్లో, రేపల్లెలో పన్నెండు మంచాల చిన్న మిషను ఆసుపత్రిలో కంపౌండరుగా చేరాను. మాకు ఉన్నది ఒక్క డాక్టరమ్మ. బాపట్ల ఆవిడ. ఆవిడ కళ్ళజోడు సవరించుకుంటే చాలు, రోగులు దగ్గడం కూడా ఆపేసేవారు. ఉన్న ఒక్క నర్సమ్మా పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయాక మూడు నెలలు ఎవరూ దొరకలేదు. చివరికి కేరళ నుంచి ఒక సిస్టరు వస్తోందని ఉత్తరం వచ్చింది.

"నీకు అరవం వచ్చా?" అని డాక్టరమ్మ నన్ను అడిగారు. "వచ్చండి" అన్నాను. (మద్రాసులో మా మేనమామగారింట్లో నాలుగు రోజులున్నాను. ఆ నాలుగు రోజులూ ఆ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడారు.) "మరి మలయాళం?" "అదీ ఇదీ ఒకటేనండి, కొంచెం గుండ్రంగా పలకాలంతే" అన్నాను. ఆవిడ నమ్మారు. "అయితే ఆ పిల్లకి తెలుగు నేర్పే పూచీ నీది" అని వార్డులోకి వెళ్ళిపోయారు.

సిస్టరు వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయేమో. రేకుపెట్టె, నల్లగొడుగు, బెదురు చూపులు. ఆమె ఇంగ్లీషు మెయిలు బండిలా నా స్టేషన్లో ఆగకుండా దూసుకుపోయేది. పైగా మొదటిరోజు నుంచీ నన్ను "చేట్టా" అని పిలవడం మొదలుపెట్టింది. వార్డంతా విని, "కంపౌండరుగార్ని చేట అంటందేంట్రా ఈ అమ్మాయి?" అని నవ్వుకున్నారు. వారం తిరిగేసరికి బజార్లో కూడా నేను చేట కంపౌండర్నైపోయాను. ధాన్యం చెరిగే చేటకీ నాకూ పోలికేమిటో అద్దంలో చూసుకున్నాను కూడా. (చెవులు కాస్త పెద్దవే.)

ఆ కడుపుమంట లోపల ఉండగానే పట్టీ సంగతి జరిగింది. కొడవలి తగిలి పిక్క తెగిన ఒక పెద్దాయన మంచం మీద కూర్చున్నాడు. నేను గాయం కడిగి, చేతిలో మందుగిన్నె ఉండటంతో, "సిస్టరుగారూ, కాలికి పట్టీ కట్టండి" అని మందులగదిలోకి వెళ్ళాను. తిరిగొచ్చి చూద్దును కదా, పెద్దాయన పిక్క అలాగే ఉంది. ఆ మంచం కోడుకి మాత్రం, వరండాలో పడుకునే ఆసుపత్రి కుక్కని బ్యాండేజీ గుడ్డతో భద్రంగా కట్టేసి ఉంది. కుక్క నన్ను చూసి తోకాడించింది. సిస్టరు చెప్పిన పని చేశానన్నట్టు నిలబడింది.

"డాగ్! యూ సెడ్ డాగ్!" అంది నా మొహం చూసి. వాళ్ళ భాషలో పట్టి అంటే కుక్కట. కాలు కాలేనట, మనిషిదైనా మంచానిదైనా. కట్టడమూ ఇంచుమించు అలాంటిదేనట. నేను అక్కడితో ఊరుకోవచ్చు. కానీ చేట బాధ ఉంది కదా! పన్నెండు మంచాల వాళ్ళనీ పిలిచి చూపించి, పొట్ట పట్టుకుని నవ్వాను. వార్డంతా నవ్వింది. సిస్టరు కుక్కని విప్పి, పెద్దాయన కాలికి చక్కగా కట్టు కట్టి, లోపలికెళ్ళి ఏడ్చింది.

సాయంత్రం డాక్టరమ్మ పిలిచారు. "వచ్చి తనని తీసుకెళ్ళమని ఆ పిల్ల వాళ్ళ నాన్నకి ఉత్తరం రాసుకుంది. రేపు పోస్టులో వేస్తుందట. ఆమె వెళ్ళిపోతే ఈ వార్డు మూసెయ్యాలి. తెలుగు నేర్పమంటే నువ్వు నేర్పింది ఇదా?" అన్నారు. కళ్ళజోడు కూడా సవరించుకోలేదు. అందుకే ఇంకా భయమేసింది.

మర్నాడు డాక్టరమ్మ ఉదయం బండికి తెనాలి వెళ్ళారు. పది గంటలకి ఒక ముసలమ్మ, లంక నుంచి పడవ దాటి, మూడేళ్ళ మనవరాల్ని దుప్పట్లో చుట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పిల్ల ఒళ్ళు నిప్పులా కాలిపోతోంది. కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది. సిస్టరు దుప్పటి లాగి పారేసి, పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టి, నావైపు తిరిగి, "వెళ్ళం! చేట్టా, వెళ్ళం!" అని అరిచింది. ఆ కంగారులో ఆమెకి ఇంగ్లీషు కూడా గుర్తురాలేదు.

"మిమ్మల్ని ఎవరు వెళ్ళమన్నారండీ?" అన్నాను నేను, నా మనసంతా ఆ ఉత్తరం మీదే ఉండి.

"ఏంటయ్యా, ఇంత దూరం వత్తే వెళ్ళమంటందా?" అని ముసలమ్మ ఏడుస్తూ పిల్లని ఎత్తుకోబోయింది. సిస్టరు ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. రెండో చేత్తో, లోటా ఎత్తి నెత్తిన పోసుకుంటున్నట్టు నాకు చూపించింది.

"నీళ్ళా!" అని అరిచి నూతి దగ్గరికి పరిగెత్తాను. జీవితంలో అంత గబగబా ఎప్పుడూ తోడలేదు. ఆమె గుడ్డలు తడిపి నుదుటా, చంకల్లో, కాళ్ళమీదా వేస్తుంటే నేను బొక్కెన తర్వాత బొక్కెన మోసుకొచ్చాను. ముసలమ్మ గుడ్డలు పిండింది. ముగ్గురికీ మాటల అవసరమే రాలేదు. కాసేపటికి పిల్ల కొట్టుకోవడం ఆగింది. ఇంకాసేపటికి కళ్ళు తెరిచి, మా ముగ్గుర్నీ చూసి, ఆరున్నొక్క రాగం మొదలుపెట్టింది. ఒక ఏడుపు అంత తియ్యగా ఉంటుందని నాకప్పుడే తెలిసింది.

"నీ కడుపు సల్లగుండ తల్లీ," అని ముసలమ్మ సిస్టరు బుగ్గలు నిమిరి, "ఇంత మంచిదానివి, ఆ అబ్బాయిని చేట అంటావేంటమ్మా?" అంది. నేను సిగ్గుపడుతూనే సైగలతో, చీటీల ఇంగ్లీషుతో అదే అడిగాను. సిస్టరు ఆశ్చర్యపోయింది. "చేట్టా... ఎల్డర్ బ్రదర్," అంది.

ఊరుగాని ఊళ్ళో, ఒక్క ముక్క అర్థంకాని చోట, ఆ పిల్ల వచ్చిన రోజు నుంచీ నన్ను అన్నయ్యా అని పిలుస్తోంది. నేనేమో అద్దంలో చెవులు కొలుచుకుంటున్నాను! "తప్పయిందమ్మా" అన్నాను. మాట అర్థం కాకపోయినా మొహం అర్థమైందేమో, నవ్వింది. ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. ఆ మధ్యాహ్నం నుంచీ రోగులు తగ్గాక ఇద్దరం ఒక బల్ల దగ్గర కూర్చుని, రోజుకి పది మాటలు ఇచ్చిపుచ్చుకునేవాళ్ళం. ఏడాది తిరిగేసరికి, "ఏంటండీ బాబాయ్, మందు ఏసుకోలేదా? ఇట్టాగైతే ఎట్టా?" అని లంకల వాళ్ళని వాళ్ళ యాసలోనే దులిపేసేది. తొమ్మిదేళ్ళు ఉంది. వెళ్ళేనాడు స్టేషన్లో మా ఆవిడా సిస్టరూ ఒకరిని పట్టుకుని ఒకరు ఏడ్చారు. ఆ ఏడుపులో ఎవరిది ఏ భాషో నాకు తెలియలేదు.

ఆ తర్వాత ఎన్నేళ్ళకో, డెబ్భైలు ముగిసిపోతుండగా, తెనాలి స్టేషన్లో బండి కోసం నిలబడ్డాను. తెల్లచీరల్లో ఇద్దరు నర్సమ్మలు, రేకుపెట్టెలతో, అటూ ఇటూ చూస్తున్నారు. పాపం, కేరళ పిల్లలు, భాష రాక అవస్థ పడుతున్నారనుకున్నాను. నా ప్రాణం లేచొచ్చింది. దగ్గరికెళ్ళి, ప్లాట్‌ఫారమంతా వినపడేలా, నాకున్న మలయాళమంతా కూడగట్టి, "మోళే, ఎవిడె పోణు?" అన్నాను. ఎక్కడికెళ్తున్నారమ్మా అని దానర్థం.

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. పెద్దమ్మాయి ఎంతో గౌరవంగా, ఒక్కో అక్షరం విడదీసి, నెమ్మదిగా అంది: "బాబాయ్ గారూ, మాది బాపట్లండి. మీకు తెలుగు అర్థమవుద్దా? ఏ ఊరెళ్ళాలో చెప్పండి, బండెక్కిస్తాం."

రేపల్లె అన్నాను. నిజంగానే చెయ్యి పట్టుకుని ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టారు. నేను తెలుగువాణ్ణేనని చెబుదామనుకున్నాను గానీ, అంత ఆప్యాయంగా సాయం చేస్తున్న పిల్లల్ని చిన్నబుచ్చడం ఇష్టంలేక, బండి కదిలేదాకా కేరళవాడిలాగే తలాడిస్తూ కూర్చున్నాను.