నాలుగు గంటల పాటల వరుస

మావ పోయాడని బుధవారం పొద్దున్న డయాలసిస్ సెంటర్లో టెక్నీషియన్ అమ్మాయి చెప్పింది. నా చేతికి రెండు సూదులూ గుచ్చి, మిషన్ తిప్పాక చెప్పింది. ముందే చెబితే లేచి వెళ్లిపోతానని భయపడిందట. మంగళవారం సాయంత్రం అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. గుండె ఆగిపోయింది. ఆ నాలుగు గంటలూ కదలడానికి లేకుండా, అతని ఖాళీ మంచం పక్కనే పడుకుని ఉన్నాను.

మావ నాకు చుట్టం కాదు. ఉద్దానంలో జీడితోట ఉన్న రైతు. నేను ఒక ప్రైవేటు బళ్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఇద్దరికీ కిడ్నీలు పోయాయి. వారానికి మూడు రోజులు, రెండేళ్ల పైచిలుకు, పక్కపక్క మంచాలు మావి. మొదటి రోజు నేను గోడవైపు తిరిగి ఏడుస్తుంటే వెనకనుంచి ఒక గొంతు వినిపించింది.

"ఏటి అల్లుడా, ఇదే మొదటిపాలా? ఏడిసీ. ఇక్కడెవులూ ఏటీ అనుకోరు."

అప్పటినుంచీ నేను అల్లుణ్ణి, అతను మావ.

మావ గోడ గడియారం వైపు చూసేవాడు కాదు. ఉతికిన తువ్వాలు ముఖం మీద కప్పుకుని పాటలు వినేవాడు. "గడియారం సూసినోడికి నాలుగ్గంటలు ఎనిమిదవుతాయిరా" అనేవాడు. అతని దగ్గర అరిగిపోయిన బటన్ల ఫోన్ ఒకటి ఉండేది. అందులో నలభై ఐదు పాటలు. టౌనులో ఒక కొట్లో కూర్చుని, ఒక్కొక్కటీ తాను చెప్పిన వరుసలోనే ఎక్కించుకున్నాడు. ఆ ఫోన్ కూడా ఎక్కించిన వరుసలోనే పాడేది.

మొదటి గంట భక్తి పాటలు. రెండో గంట పాత సినిమా పాటలు. మూడో గంటకి ఒంట్లో నీరు లాగేసి పిక్కలు పట్టేస్తాయి. ఆ గంటకి డప్పు దరువుల పాటలు పెట్టుకున్నాడు. నొప్పికి తల అటూ ఇటూ కొట్టుకుంటుంటే ఇయర్‌ఫోన్లు ఊడిపోయేవి. అందుకని ఆ గంట మాత్రం ఫోన్ బయటకే పాడేది. వార్డులో ఎవరూ వద్దనలేదు. నాలుగో గంట మెల్లని పాటలు. అన్నిటికంటే ఆఖరున, వాళ్ల ఊరి ఆడవాళ్లు పొలంలో పాడుతుండగా తీసుకున్న ఊడుపు పాట. అది అయ్యేసరికి మిషన్ ఆగేది. మావ తువ్వాలు తీసి లేచి కూర్చునేవాడు.

ఆ వరుసని పాడుచేసింది నేనే.

పోయిన వేసవికి ముందు వాళ్ల అమ్మాయి కొత్త ఫోన్ కొనిచ్చింది. పాటలు మార్చి ఇస్తానని నేనే అడిగి తీసుకున్నాను. అన్నీ కొత్త ఫోన్‌లోకి ఎక్కించాను. పాత ఫోన్‌లోని మెమరీ కార్డు కూడా పనికొస్తుందని, దాన్ని పూర్తిగా తుడిచేసి అతని చేతిలో పెట్టాను. కొత్త ఫోన్ పాటల్ని అక్షరాల వరుసలో పేర్చుకుంది. అది చూసుకోవాలని, పిల్లలకి పాఠాలు చెప్పిన నాకే తోచలేదు.

పాటల వరుస పోతే ఏం పోయిందని మీరు అనుకోవచ్చు. ఫోన్ మార్చిన తరవాతి సోమవారం దాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణేమో.

ఆ రోజు రెండో గంటలో మావ కునుకు తీస్తున్నాడు. ఊ అక్షరం కదా, ఊడుపు పాట ముందే వచ్చేసింది. మగతలో అది వినగానే మిషన్ ఆగిపోయిందనుకుని, సూదులున్న చెయ్యి ఊని లేవబోయాడు. సూది నరంలోంచి కదిలి పక్కకి దిగింది. దుప్పటి నిండా రక్తం. చూస్తుండగానే చెయ్యి వంకాయ రంగులోకి తిరిగి ఉబ్బింది. టెక్నీషియన్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి నొక్కిపట్టుకుంది. తర్వాత మూడు వారాలు మెడలో గొట్టం పెట్టి డయాలసిస్ చేశారు.

"తప్పు నాది మావా" అన్నాను.

"నువ్వు పాటలు సెడగొట్టనేదురా. నా గంటలు కలిపీసినావు" అన్నాడు.

రెండు వాయిదాలు, అంటే రెండు డయాలసిస్ రోజులు, నాతో మాట్లాడలేదు. మూడో వాయిదాకి తనే నా వైపు తిరిగి, "రాయి" అన్నాడు.

నా ఖాళీ చేత్తో అతని ఫోన్ పట్టుకుని, పాత వరుస తిరిగొచ్చేలా ప్రతి పాట పేరుకీ ముందు ఒక అంకె పెట్టడం మొదలుపెట్టాను. వరుస అడిగితే అతనికి తెలిసేది కాదు. ఒక పాట చివరి చరణం సన్నగా పాడుకునేవాడు. అది ముగిసేచోట తరవాతి పాట దానంతటదే నోటికొచ్చేది. "ఇదిగో, ఇది. రాసీ." అలా వాయిదాకి నాలుగైదు. పన్నెండు దాకా వచ్చాక పెట్టి చూస్తే, ఫోన్ ఒకటి తరవాత పది పాడింది. రెండు ఎక్కడో వెనక ఉంది. ఆ ప్రమాదం తరవాత మావ నవ్వింది అప్పుడే.

"నీ ఫోనుకి లెక్కలు రావేటిరా?"

ఒకటి ముందు సున్నా పెడితే సరిపోతుందని చెప్పాను. "ముందున్న సున్నాకి ఇలువ నేదన్నోణ్ణి పిలు, ఓపాలి మాటాడతాను" అన్నాడు.

మూడో గంట దగ్గర ఆగిపోయాం. పాటలున్నాయి, వరుస లేదు. "ఆ గంటలో నానేటి ఇన్నాను? నొప్పే ఇన్నాను" అన్నాడు. కానీ ఆ పాటలు బయటకి మోగేవి కదా, నేను విన్నాను. పదకొండింట్లో ఏడు ఒక వరుసలో గుర్తొచ్చాయి. మిగిలిన నాలుగూ ఎంతకీ రాలేదు.

"ఏవో ఒకలా పెట్టేద్దాం మావా."

"ఒద్దు. తెలీనికాడ తెలీదని ఉండనీ."

గంట లెక్క తప్పకూడదని ఆ నాలుగింటి జాగాలో వార్డు చప్పుడే రికార్డు చేసి పెట్టాను. ఫ్యాను, మిషన్లు, ఎవరిదో దగ్గు. ఆ వరుసతో మావ ఐదు నెలలు విన్నాడు. చెయ్యి మానింది, మెడలో గొట్టం తీసేశారు. అయినా మనిషి తగ్గిపోతూ వచ్చాడు. నేను చేసినదానికీ గుండె ఆగడానికీ సంబంధం లేదని డాక్టరు గారు చెప్పారు. రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ అదే చెప్పారు.

మావ నాకు పెద్ద మాటలేవీ చెప్పలేదు. కదలకుండా నాలుగు గంటలు ఎలా గడపాలో చూపించాడు. అది నాకు ఇంకెవరూ చూపించలేదు.

దినాలన్నీ అయ్యాక, మొన్న శుక్రవారం అత్త, అంటే మావ భార్య, సెంటరుకి వచ్చింది. మావ కాగితాలేవో తీసుకోడానికి వచ్చిందనుకున్నాను. కూతురు పక్కనే ఉంది. అత్త చేతిలో కొత్త ఫైలు, దాని మీద అత్త పేరే ఉంది.

"అత్తా, నువ్వేటి ఇలగొచ్చినావు?"

"నాకూ అదే రోగమని సెప్పినారు బాబూ."

టెక్నీషియన్ అమ్మాయి డయాలసిస్‌కి ముందు బరువు చూడాలంది. అత్త చెప్పులు విప్పి గోడవారగా పక్కపక్కనే పెట్టింది. బరువు మిషన్ మీదికి ఎక్కి, కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఎటు చూడాలో తెలియక, ఫొటోకి నిలబడినట్టు ఊపిరి బిగబట్టి నిలబడింది.