మా వాడు మొదట అన్న మాట

ఐరాల దగ్గర ఒక మామిడితోటలో నేను ట్రాక్టర్ నడిపేవాణ్ణి. కాయలు దింపే రోజుల్లో ఒక మధ్యాహ్నం మా ఆవిడ అన్నం క్యారియరు పట్టుకుని, మూడేళ్లు దాటిన మా వాణ్ణి వెంటబెట్టుకుని తోటకి వచ్చింది. నేను ట్రయిలర్‌ని వెనక్కి తీస్తున్నాను. ఉన్నట్టుండి కూలీలంతా అరిచారు. బ్రేకు తొక్కి దూకి చూస్తే, ట్రయిలర్‌కి బెత్తెడు దూరంలో మా వాడు కూర్చుని పుల్లతో మట్టిలో గీతలు గీస్తున్నాడు. అంత ఇంజను మోతకి, అన్ని కేకలకి వాడు తల కూడా తిప్పలేదు.

వాడికి మాటలు రాలేదని ఎవరన్నా అంటే మా అమ్మ, "మగపిల్లోళ్లకి నిదానంగా వస్తాయి లేమ్మా, వీళ్ల నాయనా అంతే" అనేది. ఆ సాయంత్రం నేను వాడి వెనక నిలబడి పళ్లెం మీద గరిటెతో కొట్టాను. వాడు కదల్లేదు. మా అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

తిరుపతిలో డాక్టరు పరీక్ష చేసి, రెండు చెవులకీ బాగా తక్కువగా వినిపిస్తోందన్నాడు. చెవులకి మిషన్లు పెడితే వినపడుతుంది గానీ మాట దానంతటది రాదు, నేర్పించాలి, అదీ చిన్న వయసులోనే అన్నాడు. ఆ ఏడు వానల్లేక తోటల్లో పనీ తగ్గింది. తిరుపతిలో ఒక గది చూసుకుని మారిపోయాం. మా ఆవిడ ఒక హాస్టల్లో వంటకి కుదిరింది. నేను బాడుగ ఆటో పట్టాను. పొద్దున వాణ్ణి మాటలు నేర్పే మేడమ్ దగ్గరికి తీసుకుపోయేవాణ్ణి. తర్వాత వాడు ఆటోలో నా పక్కనే.

"మీరు ఊరికే మాట్లాడతా ఉండాలప్పా" అని మేడమ్ చెప్పింది. "ఏ పని చేస్తా ఉంటే ఆ పని పేరు చెప్పండి."

నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాను. అయినా దారంతా చెబుతూ పోయేవాణ్ణి. ఇది బ్రేకు. అదిగో బస్సు. పెద్ద బస్సు. వెనక కూర్చున్న పెద్దాయన ఒకసారి, "ఎవురితో మాట్లాడతాండావప్పా?" అన్నాడు.

"మా పిల్లోడితోనే."

"వాడేం పలకడే?"

"పలుకుతాడు సార్."

అన్నాను గానీ నాకు కుదురు లేదు. వాడు ఆడుకుంటుంటే వెనక నుంచి చెంచా కింద పడేసేవాణ్ణి. తల తిప్పితే సంతోషం. తిప్పకపోతే మిషన్లో బ్యాటరీ అయిపోయిందా, చెవి ఇంకా తగ్గిందా అని గుబులు. ఏర్పేడు దగ్గరి పెద్ద కాలేజీకి పిల్లల్ని దింపినప్పుడు వాళ్లు గలగలా మాట్లాడుకుంటుంటే వాళ్ల చెవుల వంకే చూసేవాణ్ణి. మా వాడు ఇక్కడ చదవాలని ఆశ. మరుక్షణం, పేరు పిలిస్తే పలికితే చాలని ఆశ.

అన్నం తినేటప్పుడు కూడా వాడి మొహంలో మొహం పెట్టి, "నాయన అను, నాయన" అనేవాణ్ణి. వాడు నా పెదాలు వేలితో తాకి నవ్వేవాడు.

"కొంచేపు ఇడిసిపెట్టు వాణ్ణి" అంది మా ఆవిడ.

"మే, వయసు దాటితే రాదన్నారు గదా."

"నాకు తెలీదా? నువ్విట్ల మీద పడితే వాడికి నోరు యాడ తెరుచుకుంటాది?"

చలికాలంలో ఒక పొద్దున వాడికి ఒక చెవికి మిషన్ పెట్టి రెండోది పెట్టబోయాను. వాడు నా చెయ్యి తోసేశాడు. మళ్లీ దగ్గరికి తీసుకుని, "నాయన అను" అన్నాను. వాడు మొహం ఎర్రగా చేసుకుని, "వొద్దు" అన్నాడు.

మా ఆవిడ పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏమన్నాడు?"

"వద్దన్నాడు."

"నిన్నా?" అని గడప మీద కూలబడి నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. ఆ పూట నేను ఆటో తీయలేదు. ఇడ్లీ వద్దు, చొక్కా వద్దు, నేను వద్దు. ఏది చూపించినా అదే మాట. పాలు, బస్సు, బ్రేకు అన్నీ వచ్చాక ఎప్పటికో నాయన వచ్చింది.

ఈ ఏడు బడిలో వేశాం. కిరాయి లేనప్పుడల్లా ఆటో ఆ వీధిలోకే పోతుంది. మొన్న టీచరు నన్ను గేటు దగ్గర ఆపి, "మీ వాడు పక్క పిల్లోడితో గొడవ పెట్టుకున్నాడు" అంది.

"చేతుల్తోనా మేడమ్, మాటల్తోనా?"

"మాటల్తోనే. ఎంత చెప్పినా వినలే."

తల ఊపాను. ఆమె ముందు నవ్వకుండా ఉండటం కష్టమైంది. ఇంటికి వస్తూ ఏం జరిగిందని వాణ్ణి అడిగాను. పెన్సిలు గురించి ఏదో చెప్పాడు. సగం నాకు అర్థం కాలేదు. ఆటో పక్కన ఆపి మళ్లీ చెప్పమన్నాను. వాడు విసుక్కుని, ఈసారి గట్టిగా చెప్పాడు.