రేకు బోర్డు మూలన నా పేరు

అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఒకే షెడ్డులో నేనూ ఇంకొకతనూ అంగళ్లకు బోర్డులు రాసేవాళ్లం. అక్షరాలు నావి, బొమ్మలు అతనివి. నాకంటే చిన్నవాడు, అన్నా అనేవాడు. నిజం చెప్పాలంటే అతని బొమ్మలు నా కంటికెప్పుడూ ఆనలేదు. చీర కట్టుకున్న ఆమెను వేస్తే చీర బాగుండేది, ఆమె ఉండేది కాదు.

రెండువేల సంవత్సరం తర్వాత ఫ్లెక్సీలు వచ్చి మా పొట్ట కొట్టాయి. మా రేకు బోర్డులు పీకి అంగళ్ల వెనక పడేశారు. నేను గోడల మీద పార్టీ రాతలకు తిరుగుతుంటే, అతను ఆ రేకులు షెడ్డుకు మోసుకొచ్చేవాడు. వాటితోపాటు వాడి పారేసిన షాంపూ ప్యాకెట్లు, కూల్‌డ్రింక్ మూతలు, చిరిగిన ఫ్లెక్సీ ముక్కలు.

"ఈ చెత్తంతా ఎందుకప్పా?" అన్నాను.

"టౌనంతా దీంట్లోనే ఉండాది గదన్నా."

నవ్వుకున్నాను. కొన్నాళ్లకు ఒక కాలేజీ లెక్చరర్ పూనుకుని అతని బొమ్మలు వాళ్ల కాలేజీ హాల్లో ప్రదర్శనకు పెట్టించాడు. అవి బాగాలేవని కళ్లారా చూద్దామనే పోయాను.

బాగున్నాయి. కడుపు మండిపోయింది. హాలు మధ్యలో నేను రాసిన బట్టలంగడి బోర్డు. నా అక్షరాలు చెరపకుండా వాటి సందుల్లోనే బజారు వేశాడు. షాంపూ ప్యాకెట్లతో చీరలు, మూతలతో ఆటో చక్రాలు. ఆ బజార్లో వానల్లేక సేద్యం వదిలి వచ్చినవాళ్లు, ఏమీ కొనలేక అంగళ్ల అద్దాల్లోకి చూస్తూ నిలబడ్డారు. ఒకడు అచ్చం మా నాయనే.

బోర్డు రాసినవాడు కింద కుడిమూలన పేరు వేసుకోవడం మాలో అలవాటు. అక్కడ నా పేరు అలాగే ఉంది. అతని పేరు ఎక్కడా లేదు. చూడడానికొచ్చిన పెద్దమనిషి వంగి ఆ పేరు చదివి, ఎవరని అడిగాడు.

"ఈ అన్నే సార్," అని అతను నన్ను చూపించాడు.

ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అక్షరాలే నావి, బొమ్మ ఇతనిదన్నాను. నా అణకువ మెచ్చుకుని వెళ్లిపోయాడు.

"నీ పేరు రాసుకోవచ్చు గదప్పా?" కసిరాను.

"ఎవురిదైతే ఏమిలే అన్నా, నిలబడి చూసినాడు గదా," అని ఊడిపోతున్న మూతను అతికించడానికి పోయాడు.

నేను ఏ బోర్డు రాసినా ఆ కుడిమూల కోసమే రాశాను. అతనికి అది అక్కర్లేదు. నాకంటే బాగా వేసినందుకు అతన్ని ఎప్పుడో క్షమించాను. ఆ అక్కర్లేకపోవడాన్ని మాత్రం ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను.