దస్తగిరమ్మ రాబడి

కోడుమూరులో పాలమ్మే దస్తగిరమ్మ, కొత్త మనిషి కనబడితే ముందు పాలకుండ మీద కొంగు కప్పుతుంది. అంగట్లో తక్కెడ ఎత్తి అడుగు చూడనిదే చింతపండు కొనదు. రాబడి అడిగేవాడెవడైనా పన్ను వేయడానికే వస్తాడని ఆమె నమ్మకం. చేత్తో బొంతలు కుట్టి కుట్టి వేళ్లు పుండ్లు పడటంతో వాయిదాల మీద కుట్టుమిషను అడిగింది. విచారణకు కర్నూలు నుంచి మిషను కంపెనీ ఏజెంటు వస్తున్నాడని తెలియగానే మాత్రం పాడి ఎనుమును పక్కింట్లో కట్టేసి వచ్చింది.

"రాబడి ఏముండాదమ్మా?" అన్నాడు ఏజెంటు.

"ఏముంటాదప్పా, గాలి తిని బతుకుతాండాం."

"అయితే వాయిదా కూడా గాలే కడతావా?" అని ఆయన పుస్తకం మూసి లేచాడు.

మిషను చేజారుతోందని ఆమెకు అప్పుడు తెలిసింది. పరుగున పోయి ఎనుమును తోలుకొచ్చింది.

"పక్కింటోళ్ల గొడ్డును చూపించేవాళ్లను శానామందిని చూసినాలేమ్మా," అన్నాడాయన.

దస్తగిరమ్మ చెంబు పట్టుకుని ఎనుము కింద కూర్చుంది. పరాయి చెయ్యి తగిలితే చుక్క రాల్చని ఆ ఎనుము, ఆమె చెయ్యి పడగానే చేపింది. చెంబు నిండితే ఆమె ఇంకో చెంబు పెట్టింది.

ఆయన మళ్లీ పుస్తకం తెరిచాడు. "పూటకెన్ని సేర్లిస్తాది?"

రెండో చెంబులో నురగ అంచు దాటుతోంది. దస్తగిరమ్మ ఆయన చేతిలోని పెన్సిలు వైపు ఒకసారి చూసింది.

"అర్ధసేరప్పా," అంది.